నల్లరాయి వెంట పాతబస్తీకి

హైదరాబాదు చూసి వద్దామని బయలుదేరిన ప్రయాణం కాదిది. జోగమ్మ కంటి పొర తీయించుకొని వద్దామని బయలుదేరాం. పాతబస్తీ దారిలో తగిలింది. తిరిగి వచ్చాక ఎవరైనా అడిగితే దవాఖాన సంగతి రెండు మాటల్లో ముగించి, మిగతాదంతా ఆ గల్లీల గురించే చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ మనసు బరువెక్కుతోంది. రాసి పెడితే కొంత తగ్గుతుందేమో చూడాలి.

ముందు జోగమ్మ ఎవరో చెప్పాలి. భద్రాచలం దాటి శబరి ఒడ్డు వెంట పోతే, రాష్ట్రం సరిహద్దు అవతల, కొండల మధ్య వాగుల్లో తగరపు రాయి దొరుకుతుంది. ఆవగింజంత ఉంటుంది, నల్లగా. అక్కడి ఊళ్లలో దాన్ని నల్లరాయి అనే అంటారు. ఆడవాళ్లు వాగు ఇసుకను మరిగెలో, అంటే చెక్కతో తొలిచిన వెడల్పాటి పళ్లెంలో వేసుకొని నీళ్లలో ఆడిస్తారు. తేలికైన ఇసుక నీళ్లతో పాటు అంచు దాటి పోతుంది. బరువైన నల్లరాయి అడుగున నిలుస్తుంది. పెళ్లై ఆ ఊరు వచ్చిన నాటి నుంచి జోగమ్మ చేసిన పని అదే. ఆ రాయిని కొనే సంఘంలో తూకం వేసే ఉద్యోగం నాది. నా పేరు సరళ, మాది భద్రాచలం. ఆమె నన్ను పిల్లా అంటుంది, నేను ఆమెను పెద్దమ్మా అంటాను.

రెండు మూడేళ్లుగా ఆమె చూపు మసకబారుతూ వచ్చింది. పొర అన్నారు ఊళ్లో. ముదిరితే గానీ కోయరని ఎవరో చెబితే, ముదిరే దాకా ఆగింది. ఈ ఎండాకాలానికి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కన్నుండగానే ఇంటి గడప తట్టుకొని పడింది. కొడుకు మిరపకాయలు కోసే పనికి పోయి రాలేదు. కోడలికి చంటిబిడ్డ. నేను సెలవు పెట్టి తీసుకెళ్లాను.

సైదాబాదు

ఇమ్లీబన్‌లో బస్సు దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. సైదాబాదులో మా పెద్దనాన్న కూతురు విమలక్క ఇంట్లో దిగాం. ఆటో అతను తెలుగులో మొదలుపెట్టి, బేరం కుదరకపోయేసరికి ఉర్దూలోకి దిగాడు. జోగమ్మకు ఏ ముక్కా అర్థం కాలేదు. అయినా అతని గొంతును బట్టి, "పోనీయే పిల్లా, ఆయనకూ ఆకలున్నట్టున్నది" అంది. అతను నవ్వి, నేను చెప్పిన ధరకే ఎక్కించుకున్నాడు.

విమలక్క నీళ్ల బోర్డులో పని చేస్తుంది. వాళ్లింట్లో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వరండా నిండా నీలం డ్రమ్ములు. జోగమ్మ వాటిని ఒక్కొక్కటీ తడిమి చూసి అడిగింది.

"నీళ్లిచ్చే ఆఫీసుల ఉండి నీకే నీళ్లు లేవా బిడ్డా?"

"ఆ ముచ్చట మా సార్లను అడగాలె పెద్దమ్మా," అని విమలక్క పగలబడి నవ్వింది.

ఆ రాత్రి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. మా వైపు పచ్చిపులుసులో ఇంత బెల్లం వెయ్యరు. జోగమ్మకు అదే నచ్చి గిన్నె ఎత్తి తాగింది. తర్వాత తన మూట విప్పింది. ఎండబెట్టిన ఇప్పపువ్వు, చింతపండు, వాటి అడుగున గుడ్డలో ముడివేసిన పిడికెడు నల్లరాయి.

"ఇదెందుకు తెచ్చావు?"

"డాక్టరుకు. ఉత్త చేతులతోని ఎట్ల పోత?"

దవాఖాన

సర్కారు కళ్ల దవాఖానలో పొద్దున్నే నిలబడితే మధ్యాహ్నానికి లోపలికి పిలిచారు. చుక్కలు వేశారు, వెలుతురు కొట్టి చూశారు. తర్వాత తెల్లటి గిన్నెలాంటి యంత్రం ముందు కూర్చోబెట్టారు. అందులో తల పెట్టి నడిమికి చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడైనా చిన్న దీపం మెరిస్తే చేతిలోని మీట నొక్కాలి. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. దీపాలు మెరుస్తూనే ఉన్నాయి. మీట చప్పుడు మాత్రం ఎప్పుడో ఒకసారి వినిపించింది.

బయటికి వచ్చాక జోగమ్మ గర్వంగా చెప్పింది. "కనపడినకాడికి అన్నీ ఒత్తిన. ఒక్కటి ఇడిచిపెట్టలే."

పెద్ద డాక్టరమ్మ ఆ రోజు లేదు. ఒక రోజు ఆగి రమ్మన్నారు. దవాఖాన మెట్ల మీద కూర్చొని, తెచ్చుకున్న రొట్టె తింటూ ఆమె అడిగింది.

"మనం అమ్మిన రాయి ఈడికే వస్తదా పిల్లా?"

"కరిగించే ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడి నుంచి ఎక్కడెక్కడికో."

"కరిగినంక ఎట్లుంటదో నువ్వు చూసినవా?"

చూడలేదు. ఇన్నేళ్లు తూకం వేశాను గానీ, తగరంతో చేసిన పని ఒక్కటీ కళ్లారా చూడలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె చేతిలోని రొట్టె ముక్కను మళ్లీ మూటలో పెట్టింది.

"కన్ను కోసినంక అన్నీ చూస్త గని, అది ముందుగాల చూస్తే నష్టమేంది?" అంది.

విమలక్కను అడిగితే, బేగంబజార్‌లో గిన్నెల దుకాణాల వెనక కళాయి పెట్టేవాళ్లు, రాగి గిన్నెల లోపల తగరం పూత వేసేవాళ్లు, ఇంకా ఉన్నారని చెప్పింది.

బేగంబజార్

పెద్ద అంగడి అంటే మాకు భద్రాచలంలో ముక్కోటి నాటి రద్దీయే. బేగంబజార్‌లో అది రోజూ ఉంటుంది. మిరపకాయల బస్తాల ఘాటు, తోపుడుబండ్ల వాళ్ల "హటో, హటో" కేకలు, తల మీద ఇత్తడి బిందెల దొంతరతో హమాలీలు. అల్లంవెల్లుల్లి ధర అడుగుదామని నేను ఒక క్షణం ఆగాను. ఆ క్షణంలోనే ఒక తోపుడుబండి జోగమ్మ నడుముకు తగిలి ఆమె కూర్చుండిపోయింది. బండి పక్క నుంచి వచ్చింది. మూల మలుపు కూడా కాదు, దూరం నుంచే కనిపించే తిన్నటి రోడ్డు.

"చూసుకొని నడవవా అమ్మా!" అన్నాడు బండి అతను. కోపంగా అన్నాడు గానీ, తనే చెయ్యిచ్చి లేపాడు.

"ఎటునుంచి వచ్చిందో తెల్వలే," అంది ఆమె, చీర దులుపుకుంటూ. నేను ఆ మాటను పట్టించుకోలేదు. కొత్త చోటు కదా అనుకున్నాను.

గిన్నెల దుకాణాల వెనక సందులో యూసుఫ్ భాయ్ దొరికాడు. నేలలో గుంట తవ్విన కొలిమి, పక్కన చేత్తో తిప్పే గాలి మిషన్. యాభై దాటిన మనిషి. కనుబొమ్మలు కూడా పొగచూరి ఉన్నాయి. బిర్యానీ వండే రాగి దేగ్చీ ఒకటి నిప్పుల మీద బోర్లించి ఉంది. మేం ఏదో గిన్నె తెచ్చామనుకొని చెయ్యి చాపాడు.

"గిన్నె లేదు భాయ్. కళాయి ఎట్ల పెడ్తరో చూద్దామని వచ్చినం," అన్నాను.

"చూడనీకి వచ్చిన్రా?" అతనికి నమ్మకం కుదరలేదు. "కైకు? ఫోటో తీస్తరా?"

"ఫోటో నక్కో," అన్నాను, వద్దనడానికి నాకొచ్చిన ఒకే ఒక్క ఉర్దూ మాట వాడి. అతను నవ్వాడు. నేను జోగమ్మ సంగతి చెప్పాను. వాగులో తగరపు రాయి కడిగి తీసే మనిషి అని, కరిగినాక ఎట్లుంటుందో చూడలేదని.

"యా అల్లా! రాంగా వాగుల దొరుకుతదా? మా దాదా జమానాల జహాజుల మీద వచ్చేది అన్నరు, మలయా నుంచి. మట్టిల నుంచి వస్తదని నాకు ఇయ్యాలనే ఎరుక."

రాంగా అంటే అక్కడి మాటలో తగరం. ఒక ఇనుప స్టూలు లాగి జోగమ్మను కొలిమి దగ్గరగా కూర్చోబెట్టాడు. దేగ్చీని పట్టకారుతో తిప్పి, లోపల నవసాగరం పొడి చల్లాడు. తెల్లటి పొగ లేచింది. తగరపు కడ్డీ కొసను ఆ వేడికి ఇలా తాకించి, దూది ఉండతో గబగబా చుట్టూ రుద్దాడు. కడ్డీ తాకిన చోట పుట్టిన మెరుపు దూది వెంట పరుగెత్తింది. చూస్తుండగానే ఎర్రటి రాగి గిన్నె లోపలంతా వెండిలా తెల్లబడింది.

జోగమ్మ ముందుకు వంగింది. తలను అటూ ఇటూ తిప్పి, ఒకచోట నిలిపి, అక్కడి నుంచి చూసింది.

"ఇది మన రాయేనా?"

"అదే పెద్దమ్మా."

"ఇంత తెల్లగనా? నల్లగుంటదనే అనుకున్న. ఇన్నొద్దులు నల్లటిదే కడిగిన."

యూసుఫ్ భాయ్ గిన్నెను నీళ్లలో ముంచి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. ఆమె లోపలి అంచు నుంచి అడుగు దాకా అరచేత్తో నిమిరింది. తర్వాత కొంగున దోపుకున్న గుడ్డ ముడి విప్పి, డాక్టరుకని తెచ్చిన నల్లరాయిని అతనికి చాపింది. అతను అరచేతిలో పోసుకొని బరువు చూశాడు. ఒక గింజను గోటితో గీశాడు. మళ్లీ జాగ్రత్తగా గుడ్డలో పోసి ఇచ్చేశాడు.

"మాఫ్ చెయ్ అమ్మా. గిట్లుంటే నా పనికి రాదు. పెద్ద భట్టీల కరిగించి కడ్డీ చేస్తెనే నాకు."

ఆమె మళ్లీ ముడి వేసుకుంది. అతని తప్పేం లేదు. అయినా నాకు చిన్నతనంగా అనిపించింది. ఆ ఇద్దరూ బతికింది ఒకే లోహం మీద. ఒకరి చేతిలోది మరొకరికి పనికిరాలేదు.

టీ తెప్పించాడు. టీ తాగుతూ, ఇప్పుడు మలేషియా అంటున్న ఆ మలయాలో తగరం ఎలా తీసేవాళ్లో నాకు తెలిసింది చెప్పాను. సంఘం వాళ్లు ఒకసారి శిక్షణ పెట్టి పాత బొమ్మలు చూపించారు. పెద్ద గుంట తవ్వి నీళ్లు నింపి, అందులో మూడంతస్తుల ఇల్లంత పడవను తేలవేసేవాళ్లు. పడవ ముందు ఇనుప బకెట్ల గొలుసు ఉండేది. అది తిరుగుతూ నీటి అడుగు నుంచి మట్టిని తోడి పైకి పోసేది. పడవ లోపల పెట్టెల్లో నీళ్లు కిందికీ పైకీ ఎగసిపడుతుంటే బరువైన రాయి అడుగుకు దిగేది, మిగతా మట్టిని వెనక వదిలేసేవాళ్లు. బంగారం కోసం కూడా నదుల్లో అలాంటి పడవలే తిరిగేవి. పడవలు రాకముందు అడ్డపట్టీలు కొట్టిన చెక్క కాలువలు ఉండేవి. ఇంకా ముందు గొర్రెతోళ్లు పరిచి వాటి మీదుగా నీళ్లు పారించేవాళ్లట, ఉన్నిలో బంగారం రేణువులు చిక్కుకోవడానికి. అన్నింటిలోనూ సూత్రం జోగమ్మ మరిగెలో ఉన్నదే. తేలికైంది పోతుంది, బరువైంది నిలుస్తుంది.

జోగమ్మ శ్రద్ధగా విన్నది. "ఆ పడవల ఆడోళ్లు ఉంటరా?"

"లేరు. కానీ పడవ వదిలేసిన మట్టిని మళ్లీ చెక్క పళ్లేల్లో కడిగింది ఆడవాళ్లే. దాంట్లో కూడా తగరం మిగిలేది."

"అట్ల చెప్పు," అని టీ కప్పు కింద పెట్టింది. ఈ ప్రయాణంలో ఆమె నిండుగా నవ్వింది అప్పుడే.

లేచేటప్పుడు యూసుఫ్ భాయ్ అన్నాడు. "మా పెద్ద భాభీ గూడ కడుగుతది. సునార్ల దుకాణాల మట్టి. ఫలక్‌నుమాల ఉంటది, రజియా భాభీ. న్యారియా ఖాన్‌దాన్ మాది, నేనొక్కడినే కళాయిల పడ్డ. పోయి చూడున్రి, ఫోన్ చేసి చెప్త."

కంసాలి దుకాణాలు ఊడ్చిన చెత్త, దుమ్ము కొనుక్కొని, అందులోని బంగారం రజను కడిగి తీసేవాళ్లే న్యారియాలు. బంగారం కడిగేవాళ్లు ఇంకా ఉన్నారంటే జోగమ్మ నమ్మలేదు.

మళ్లీ దవాఖాన

డాక్టరమ్మ మంచి మనిషి. తొందరపడలేదు. ముందు నన్నొక్కదాన్నే పిలిచింది. ఆమె పేషెంటు, ఆమెకే చెప్పండి అన్నాను. జోగమ్మను కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కొని చెప్పింది.

"అమ్మా, ఇది పొర కాదు. దీన్ని నీటికాసులు అంటాం. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోయింది. కోస్తే తిరిగి వచ్చేది కాదు."

"కోయరా?"

"పోయిన చూపు ఎవ్వరూ తేలేరమ్మా. ఉన్నదాన్ని కాపాడుకునేందుకు చుక్కలు రాస్తాను. రోజూ వేసుకోవాలి, బతికినన్నాళ్లు."

జోగమ్మ కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తర్వాత అడిగింది. "ముదరాలె అన్నరు. ముదరకముందు వస్తె?"

డాక్టరమ్మ నా వైపు చూసి, మళ్లీ ఆమె వైపే తిరిగింది. "ముందే వస్తే చాలా మిగిలేది."

యంత్రం గీసిన చిత్రం చూపించింది. ఒక కన్ను పూర్తిగా నలుపు. రెండోదానికి చుట్టూ నలుపు, నడుమ మాత్రం రూపాయి బిళ్లంత తెలుపు. ఆ బిళ్లలోంచే ఆమె లోకాన్ని చూస్తోంది. పక్కన ఏముందో కంటికి ఆనదు. అందుకే తోపుడుబండి కనపడలేదు. గడప కూడా కనపడి ఉండదు. పొర అని మేమంతా నమ్మాం. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికీ తెలియదు, అంతే. ఆ 'అంతే' అన్న మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

బయటికి రాగానే ఊరికి పోదాం అంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"ఇంకొన్నొద్దులు చూపుంటది అన్నది గద. ఆ బంగారం కడిగేటోళ్ల కాడికి పోదాం పా. ఉన్నప్పుడే చూస్త."

ఫలక్‌నుమా

మలక్‌పేట స్టేషన్‌లో లోకల్ రైలెక్కాం. ఫలక్‌నుమా చివరి స్టేషను. దిగి అడుగుతూ పోతే రెండు గల్లీల అవతల రజియా ఇల్లు. పక్కింట్లో గాజుల పని, ఎదురింట్లో బీరువాలకు రంగు కొడుతున్నారు. ఆ వాసనల మధ్య చిన్న వాకిలి, అందులో సిమెంటు తొట్టి, గోడ పక్కన కట్టిన సంచులు.

రజియా కూడా యాభై దాటిన మనిషి. చున్నీ నడుముకు బిగించి పనిలోనే ఉంది. జోగమ్మను చూడగానే మోచెయ్యి పట్టుకొని నీడలో కూర్చోబెట్టింది. ఆమె తెలుగు యూసుఫ్ భాయ్ తెలుగు కన్నా సాఫీగా ఉంది. చిన్నప్పుడు నల్గొండలో పెరిగిందట.

"ముందు తినున్రి, తర్వాత పని," అంది. అన్నం, ఖట్టీ దాల్ అనే పుల్లటి పప్పు, వేయించిన మాంసం. మా వైపు చుట్టం రాగానే కాళ్లకు నీళ్లిస్తాం, వంట తర్వాత మొదలవుతుంది. ఇక్కడ పొయ్యి మీద నుంచి దించి సిద్ధంగా పెట్టారు. జోగమ్మ ఖట్టీ దాల్ రుచి చూసి, తమ ఊళ్లో పులుపు కోసం చెట్ల మీది ఎర్రచీమలను నూరి పచ్చడి చేస్తామని చెప్పింది.

"చీమలా?" రజియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "కుట్టయా?"

"నూరినంక ఏం కుడ్తయి బిడ్డా!"

నవ్వులయ్యాక రజియా తన పని చూపించింది. దుకాణాల మట్టిని ముందు కాలుస్తారు. వెంట్రుకలు, కాగితాలు, బొగ్గుపొడి బూడిదవుతాయి. దాన్ని దంచి, జల్లించి, అయస్కాంతంతో ఇనుపరజను తీసేసి, పరాత్‌లో, అంటే వెడల్పాటి పళ్లెంలో, వేసి తొట్టి నీళ్లలో ఆడిస్తారు. చివర మిగిలినదాన్ని పాదరసంతో ముద్ద చేస్తారు. ఆ పని ఇప్పుడు బయటికి ఇచ్చేస్తున్నానని చెప్పింది. ఆ పాదరసం వల్లే అత్తగారి చేతులకు వణుకు జబ్బు పట్టి పనికిరాకుండా పోయాయట.

"మా మామగారి కాలంల చార్‌కమాన్ల సునార్ల దుకాణాల ముందటి మోరీలు ఊడ్చినా బంగారం దొరికేది. ఇప్పుడు మోరీల మీద బండలేసిన్రు. పెద్ద దుకాణాలల్ల దుమ్ము గుంజే మిషన్లు వచ్చినయి. మంచి మట్టి రిఫైనరీకే పోతది. మాకు మిగిలింది గిది," అని సంచుల వైపు చూపింది. "నా తర్వాత ఎవరు చెయ్యరు. చెయ్యమని నేను గూడ అన."

జోగమ్మ పరాత్‌ను చేతిలోకి తీసుకుంది. తన మరిగె కన్నా లోతు తక్కువ, బరువు ఎక్కువ. తిప్పి చూసి, "ఒక్కసారి నేను ఆడించనా?" అని అడిగింది.

రజియా సంచిలోంచి రెండు దోసిళ్ల మట్టి తీసి వేసి, "బిస్మిల్లా చెయ్ అమ్మా," అంది.

జోగమ్మ గొంతుక్కూర్చుంది. నేను ఆమెను వాగులో చాలాసార్లు చూశాను. ఇక్కడా అదే నడుము, అదే మణికట్టు. నీళ్లు తీసుకోవడం, తిప్పడం, వంచి వదలడం, ఎక్కడా తొట్రుపాటు లేదు. కాసేపటికి బూడిదరంగు పోయి నల్లటి రజను కనపడింది. నేను ఆమె ఎడమ పక్కన నిలబడి ఉన్నాను. అందుకే కనపడింది. పరాత్ ఎడమ అంచున పసుపు గీత ఒకటి, దారం పోగంత సన్నగా. ఆమె వంచిన ప్రతిసారీ అది అంచెక్కి, నీళ్లతో పాటు తొట్టిలోకి జారిపోతోంది. జోగమ్మ చూపు పరాత్ నడిమి మీదే ఉంది. ఆమెకు కనపడేది ఆ నడిమే.

నేను నోరు తెరిచాను. రజియా కూడా చూసింది. తల అడ్డంగా ఊపి, వద్దన్నట్టు నా చెయ్యి నొక్కింది.

ఆడించడం అయింది. జోగమ్మ అడుగున మిగిలిన రజనును కంటి దాకా ఎత్తి చూసింది. నలుపు తప్ప ఏమీ లేదు.

"నీ మట్టి గొడ్డుబోయింది బిడ్డా. ఇందుల ఏం లేదు."

"హౌ అమ్మా," అంది రజియా వెంటనే. "ఖాలీ మట్టే ఇచ్చిన్రు ఆ సునార్లు. వాళ్లు మస్తు హుషారు."

అక్కడితో అయిపోయేది. కానీ జోగమ్మ చేతులు కడుక్కుందామని తొట్టిలో ముంచింది. అడుగు మట్టి వేళ్లకు అంటింది. వేళ్ల మధ్య దాన్ని రుద్దుకుంటూ, అలవాటు కొద్దీ కంటి ముందుకు తెచ్చుకుంది. వేలి కొసన పసుపుపచ్చగా మెరిసింది.

మళ్లీ చెయ్యి ముంచింది, తాను వంచి వదిలిన ఎడమవైపే. మళ్లీ కంటి ముందుకు తెచ్చుకుంది. ఈసారి ఇంకా ఎక్కువ.

"ఇది నేనిడిచిందే," అంది నెమ్మదిగా.

రజియా పక్కన కూర్చుంది. "నీళ్లన్నీ తొట్టిలనే ఉన్నయి అమ్మా. రేపు మళ్లా కడుగుత. ఒక్క రవ్వ ఎటూ పోలే. ఫికర్ చెయ్యకు."

"నీ కాడ తొట్టి ఉన్నది బిడ్డా. నా కాడ వాగాయె."

తర్వాత నా వైపు తిరిగింది. నేను ఎక్కడున్నానో తెలియక, గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"పిల్లా, రెండేండ్ల సంది నా రాయి తగ్గుకుంట వచ్చింది గద. వాగు గొడ్డుబోయిందన్న. నా జాగల ఏం లేదన్న. వాగును తిట్టిన గూడ." తడి వేళ్లను మళ్లీ రుద్దుకుంది. "అది ఇచ్చుకుంటనే ఉన్నది. నా కంటికి ఆనలే."

వారం వారం ఆ తూకం చూసింది నేను. ఎక్కడ నిలబడి కడుగుతున్నావని అడిగాను, ఇంకొంచెం పైకి పోయి చూడమన్నాను. చూపు ఎట్లుందని అడగాలని తోచలేదు. ఇంకెవరికీ కూడా తోచలేదు. తగ్గిన ఆ రాయే ఆమె కంటి సంగతి చెబుతోందని తెలుసుకోవడానికి మేం ఫలక్‌నుమా దాకా రావాల్సి వచ్చింది.

రజియా ఆమె వేళ్లను తన చున్నీతో తుడిచింది. వేళ్లకంటిన బంగారం చున్నీకి అంటింది. దాన్ని దులుపుకోలేదు.

గోదావరి

మరునాడు తిరుగు బస్సెక్కాం. దారిలో సూర్యాపేట దగ్గర వాన పట్టుకుంది. కిటికీ అద్దం మూసుకోక జోగమ్మ భుజం తడిసింది. నా తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. చుక్కల మందు సీసాను మాత్రం తడవకుండా జాకెట్టులో దోపుకుంది.

వంతెన మీదికి రాగానే చెప్పాను. "గోదారి వచ్చింది పెద్దమ్మా."

"నీళ్లెట్లున్నయి?"

"ఎర్రగా ఉన్నాయి. పొంగుతున్నాయి."

"ఎర్రగుంటే పైన వానలు దంచినయన్నట్టు. మా వాగుల కొత్త ఇసుక దిగుతది." తడిసిన కొంగు పిండుకుంది. "నా జాగ కోడలికి ఇస్త. మలుపు తిరిగినంక బండ ఉన్నది సూడు, దాని వెనక. నీళ్లు ఆడ నెమ్మదిస్తయి. బరువుదంతా ఆడనే కూసుంటది. ఆమెకు ఓపిక లేదు గని, నేర్సుకుంటది."

"నువ్వు పక్కన ఉండి నేర్పొచ్చు కదా."

"ఉంట," అంది.

ఇది రాస్తున్నప్పటికి వానలు తగ్గి వాగులు దిగాయి. మొన్న తూకానికి వచ్చిన కోడలు చెప్పింది. ఆడవాళ్లంతా నీళ్లలోకి దిగిన మొదటిరోజు జోగమ్మ కూడా వాళ్లతో వచ్చిందట. బండ మీద కూర్చొని, ఎక్కడ తవ్వాలో, ఎంత నీళ్లు తీసుకోవాలో చెప్పిందట. కోడలి మరిగె నిండింది. ఆ రోజు అందరి కన్నా ఎక్కువ రాయి ఆమెకే పడింది. పొద్దెక్కాక చూస్తే బండ మీద అత్త లేదు.

వెతుక్కుంటూ పోతే ఇంట్లోనే ఉందట, తలుపు దగ్గరకేసుకొని. ఒంట్లో బాగలేదా అని కోడలు అడిగింది.

"బాగనే ఉన్న. నలుగురు కడుగుతాంటె ఆ సప్పుడు వినుకుంట కూసోలేకపోయిన," అందట.

ఆ తర్వాత వాగుకు పోలేదు. చుక్కలు మాత్రం రోజూ వేసుకుంటోంది. సీసా అయిపోవచ్చింది, కొత్తది భద్రాచలంలో కొని పంపమని కోడలితో కబురు పెట్టింది. కోడలు తెచ్చిన రాయి తూచాను. బాగా ఉంది. ఆ సంగతి అత్తకు చెప్పు అన్నాను. కోడలు సంచి మడతపెట్టుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. ఎంత వచ్చిందని ఆమె అడగదు. నేనూ చెప్ప."